ఒరిజినలా, లోకలా? - ట్రాక్టరు ఆయిలు, ఫిల్టర్ల ఎంపిక

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడవలసిన వారు నాకంటే ముందే మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం వేరు. ట్రాక్టరుకు, పవర్ టిల్లరుకు ఆయిలు, ఫిల్టర్లు ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. పెన్షనర్ల సభలో ట్రాక్టరు ప్రసంగమేమిటని వెనక వరసలో ఎవరో అనడం నాకు వినపడింది. మనలో చాలామంది గ్రాట్యుటీలోనో, కమ్యుటేషన్‌లోనో కొంత తీసి కొడుక్కి ట్రాక్టరు కొనిచ్చినవాళ్లమే. లేదా నాలుగెకరాల మాగాణి, ఎకరం నిమ్మతోట ఉంటే దానికోసం ఒక టిల్లరు తెచ్చుకున్నవాళ్లమే. ఆ డబ్బు మళ్లీ రాదు. ఇంజను బోరుకొస్తే దాన్ని బాగుచేయించడానికి నెలల తరబడి పెన్షను పోయాల్సి వస్తుంది. అందుకని ఈ విషయం మనకు సంబంధించినదేనని మనవి చేస్తున్నాను. నా ఉద్యోగకాలమంతా డీజిల్ ఇంజన్ల మధ్యనే గడిచింది గనుక తెలిసినంత చెబుతాను.

షాపుకి వెళితే మూడు మాటలు వినపడతాయి. ఒరిజినల్, లోకల్, డూప్లికేట్. మన రైతులు చివరి రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు. అక్కడే చిక్కు వస్తోంది. ఒరిజినల్ అంటే ట్రాక్టరు కంపెనీ తన పేరుతో, తన పెట్టెలో అమ్మేది. చాలా సందర్భాల్లో ట్రాక్టరు కంపెనీ ఫిల్టరు తయారు చెయ్యదు. ఫిల్టర్ల కంపెనీ చేత చేయించి తన పేరు వేసుకుంటుంది. అలాంటి ఫిల్టర్ల కంపెనీలు తమ సొంత పేరుతో కూడా బజార్లో అమ్ముతాయి. ఎలోఫిక్, ఫ్లీట్‌గార్డ్, బాష్ లాంటి పేర్లు మీరు చూసే ఉంటారు. ఇవి ట్రాక్టరు కంపెనీ పెట్టెలో రాలేదు కాబట్టి షాపువాడి భాషలో 'బయటి సరుకు', కొందరి నోట్లో 'లోకల్'. కాని అవి దొంగ సరుకు కావు. డూప్లికేట్ అంటే ఇంకొకరి పేరు, ఇంకొకరి పెట్టె అచ్చు వేసి లోపల ఏదో కాగితం చుట్టి పెట్టింది. డూప్లికేట్లు ఎక్కువగా ఏ పేరుకు గిరాకీ ఉందో ఆ పేరుతోనే వస్తాయి. అంటే ఒరిజినల్ అని రాసి ఉన్న పెట్టెలోనే మోసం ఉండే అవకాశం ఎక్కువ. మంచిపేరున్న బయటి కంపెనీ ఫిల్టరు, మన మోడల్‌కు సరిపోయేది, బిల్లు మీద దొరికితే దాన్ని వాడటానికి భయపడనక్కర్లేదని నా అభిప్రాయం. ఇందులో రెండు మినహాయింపులు ఉన్నాయి, వస్తాను.

ముందు ఆయిలు సంగతి. డబ్బా మీద 15డబ్ల్యు-40 అనో 20డబ్ల్యు-40 అనో ఉంటుంది. డబ్ల్యు అంటే చలికాలం. 15డబ్ల్యు రకాన్ని సున్నాకు 20 డిగ్రీల కింద, 20డబ్ల్యు రకాన్ని సున్నాకు 15 డిగ్రీల కింద స్టార్టింగు పరీక్షకు పెడతారు. మన తెనాలిలో సంక్రాంతి చలికి కూడా అంత అవసరం రాదు. కనుక ఈ రెండిటి మధ్య వాదన మన ఊళ్లకు అక్కర్లేదు. మనకు కావలసింది వెనకున్న 40. అది ఇంజను వేడెక్కిన తర్వాత, అంటే నూరు డిగ్రీల దగ్గర ఆయిలు ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పే అంకె. మీ ట్రాక్టరు పుస్తకంలో 40 అని ఉంటే 40 పోయండి. చిక్కగా ఉంటే మంచిదని 50 పోయడం, మైలేజీ వస్తుందని 30 పోయడం వద్దు.

రెండో గుర్తు ఏ.పి.ఐ. అక్షరాలు. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజనుకు, సి‌తో మొదలైతే డీజిల్ ఇంజనుకు. సి.ఎఫ్-4 అనేది 1990లో వచ్చింది, సి.హెచ్-4 అనేది 1998లో, సి.ఐ-4 అనేది 2002లో. అక్షరం ముందుకు పోతున్నకొద్దీ కొత్త రకం. పాత ట్రాక్టరు పుస్తకంలో సి.ఎఫ్-4 అని ఉంటే సి.హెచ్-4 గాని, సి.ఐ-4 గాని నిక్షేపంగా పోయవచ్చు. వెనక్కి మాత్రం వెళ్లకూడదు. కొత్త ట్రాక్టర్ల సంగతి వేరు. 50 హెచ్.పి. దాటినవాటికి 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 అనే కాలుష్య నిబంధన వచ్చింది. వాటి పొగగొట్టంలో పొగను శుభ్రపరిచే అమరిక ఉంటుంది కాబట్టి పుస్తకంలో రాసిన రకం ఆయిలు తప్ప ఇంకొకటి పోయవద్దు.

అక్షరాలు, అంకెలు కలిశాక డబ్బా మీద ఏ కంపెనీ పేరున్నా ఫరవాలేదు. మన ప్రభుత్వ రంగ కంపెనీల ఆయిళ్లు ఉన్నాయి, విదేశీ పేర్లున్నవి ఉన్నాయి. పీపాలోంచి కొలిచి పోసే విడి ఆయిలు మాత్రం ముట్టుకోవద్దు. అది ఎక్కడ పుట్టిందో, ఎన్ని చేతులు మారిందో చెప్పేవాడు ఉండడు.

ఆయిలు మార్చిన నాలుగు రోజులకే నల్లబడిందని కంగారుపడి షాపువాడి మీదికి వెళ్లేవారున్నారు. డీజిల్ ఇంజనులో ఆయిలు నల్లబడాలి. మసిని గోడలకు అంటకుండా తనలో కలుపుకుని తిప్పుతోందన్నమాట. నెల తిరిగినా తేనె రంగులోనే ఉంటే అప్పుడు ఆలోచించాలి. డిప్ స్టిక్ మీద మజ్జిగ రంగు కనిపిస్తే మాత్రం ఇంజను ఆపేయండి. నీళ్లు కలిశాయి.

ఎన్ని గంటలకు మార్చాలి? చాలా ట్రాక్టర్లకు కొత్తలో 50 గంటలకు ఒకసారి, తర్వాత 250 గంటలకు ఒకసారి అని ఉంటుంది. కొన్ని కొత్త మోడళ్లకు ఇంకా ఎక్కువ ఉంది. పూర్వం త్వరగా మార్చమనడానికి ఒక కారణం డీజిల్లోని గంధకం. అది కాలినప్పుడు ఆమ్లం పుట్టి ఆయిలులోని మందును తినేస్తుంది. 1990ల మొదట్లో మన డీజిల్లో గంధకం నూటికి ఒక పాలు వరకు ఉండనిచ్చేవారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బంకుల్లో పోస్తున్న డీజిల్లో అది పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మాత్రమే. ఆ బెడద తగ్గింది. దుమ్ము, నీళ్లు, మసి బెడద తగ్గలేదు. కాబట్టి "ఈరోజుల్లో ఆయిలు ఎంతకాలమైనా వస్తుంది" అనే మాట వినకండి. గంటల మీటరు పాడైపోయిందా, ఒక నోటుపుస్తకం పెట్టండి. ముప్పయ్యేళ్లు సర్వీసు రిజిస్టర్లు రాసిన చేతులు మనవి. ట్రాక్టరుకొక సర్వీసు రిజిస్టరు రాయడం మనకొక లెక్కా! ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ ఆయిలు, ఏ ఫిల్టరు, బిల్లు నంబరు ఎంత. ఈ ఉద్యోగం పిల్లలకు అప్పగించవద్దు, మీరే చేయండి.

ఇక్కడే ఖర్చు లెక్క ఒకటి చూద్దాం. సంపులో 7 లీటర్లు పడుతుందనుకుందాం. మంచి ఆయిలుకు, చవక ఆయిలుకు లీటరుకు 100 రూపాయలు తేడా అనుకుంటే 700. ఫిల్టరు దగ్గర ఇంకో 200. మొత్తం 900 రూపాయలు. దాన్ని 250 గంటలకు పంచితే గంటకు మూడు రూపాయల అరవై పైసలు. దమ్ములో గంటకు నాలుగైదు లీటర్ల డీజిలు తాగే బండికి ఈ మూడు రూపాయల దగ్గర బేరమాడి ఇంజను ఫణంగా పెడుతున్నాం.

ఇప్పుడు ఫిల్టర్లు. ట్రాక్టరులో ముఖ్యంగా మూడు చోట్ల వడపోత ఉంది. ఆయిలుకు ఒకటి, డీజిలుకు ఒకటి, గాలికి ఒకటి. షాపులో అందరూ అడిగేది ఆయిలు ఫిల్టరు. ఇంజన్లను చంపేది ఎక్కువగా గాలి దగ్గర అశ్రద్ధ.

రెండున్నర లీటర్ల ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే ఆ నిమిషంలో రెండు వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. మన ప్రాంతంలో ఆ గాలిలో ఏముందో ఆలోచించండి. డెల్టాలో వరి కోశాక మినుము, మొక్కజొన్న నూర్పిళ్లు. మినుము నూర్చే మిషను దగ్గర నిలబడితే ఎదుటి మనిషి కనపడడు. బాపట్ల వైపు సముద్రం దగ్గరి ఇసుక నేలలు. ఆ సన్నని ఇసుక గాజును గీరుతుంది, లైనరును గీరదా?

రేపల్లె వైపు మిత్రుడొకరు రిటైరైన డబ్బుతో కొన్న ట్రాక్టరు రెండుసార్లు బోరుకొచ్చింది. మొదటిసారి ఆయిలు మంచిది కాదన్నారు, ఖరీదైనది పోయించాడు. పిస్టన్లు, రింగులు, లైనర్లు మార్చారు. రెండు సీజన్లు తిరక్కుండా మళ్లీ పొగ, మళ్లీ ఆయిలు తినడం. అప్పుడు నన్ను చూడమన్నాడు. నేను ఇంజను ముట్టుకోలేదు. ఎయిర్ క్లీనరు నుంచి ఇంజనుకు వెళ్లే రబ్బరు గొట్టం ఊడదీసి లోపల తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డ మట్టిరంగుకు తిరిగింది. గొట్టం అడుగుభాగాన, చేతికి అందని చోట, వేలిగోరంత పగులు. క్లిప్పు వదులై ఉంది. దాని మీద పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. ఎయిర్ క్లీనరు ఎంత మంచిదైనా ఏం చేస్తుంది? దుమ్ము దాన్ని తప్పించుకుని అడ్డదారిన లోపలికి వెళుతోంది. గొట్టం, రెండు క్లిప్పులు కలిపి అయిన ఖర్చు ఆయన రెండుసార్లు పెట్టిన దానిలో లెక్కలోకి రాదు. ఆయన భార్య, "అన్నయ్యగారూ, ఈ గొట్టం సంగతి మొదటే ఎవరైనా చెప్పి ఉంటే మా అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు తియ్యకపోదుం" అన్నది. ఆ అమ్మ మాట విన్న తర్వాతనే ఈ విషయం సభలో చెప్పాలనిపించింది.

కాబట్టి తెల్లగుడ్డ పరీక్ష ప్రతి ఒక్కరూ చేయండి. పైసా ఖర్చు లేదు. గొట్టం లోపల దుమ్ము గీత కనిపిస్తే ఎక్కడో దొంగదారి ఉన్నట్టే.

ఆయిల్ బాత్ రకం ఎయిర్ క్లీనరైతే కింది గిన్నెలో ఆయిలు గీత వరకే పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజను దాన్ని లాక్కుంటుంది, తక్కువైతే దుమ్ము పట్టదు. అందులో వాడేసిన నల్ల ఆయిలు పోయడం మన ఊళ్లలో ఆచారం. అది మానాలి. ఇంజనుకు పోసే రకమే పోయాలి. నూర్పిళ్ల రోజుల్లో రోజూ గిన్నె విప్పి చూడండి, అడుగున బురద పేరుకుంటే కడిగి కొత్తది పోయండి. కాగితం ఫిల్టరు రకమైతే లోపల రెండు ఉంటాయి. బయటిదాన్ని తక్కువ ఒత్తిడి గాలితో లోపలి నుంచి బయటికి ఊదాలి. టైరుకేసి కొట్టడం, సర్ఫు నీళ్లలో నానబెట్టడం పనికిరాదు. లోపలి చిన్నదాన్ని ఊదకూడదు, సమయానికి మార్చెయ్యడమే.

నేను చెప్పిన మొదటి మినహాయింపు ఇదే. గాలి ఫిల్టరు దగ్గర అంచున ఉండే రబ్బరు, కాగితం కంటే ముఖ్యం. కాస్త పొట్టిగా ఉన్నా, రబ్బరు గట్టిగా ఉన్నా అంచు పక్కనుంచి దుమ్ము పోతుంది. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి ఎత్తు, వెడల్పు, రబ్బరు మందం చూసుకోండి. ఏ మాత్రం అనుమానం వచ్చినా ట్రాక్టరు కంపెనీ పెట్టెలోదే తీసుకోండి.

రెండో మినహాయింపు డీజిలు ఫిల్టరు. పంపు, నాజిల్స్ చాలా సన్నని కొలతలతో చేస్తారు, నలకను కూడా భరించలేవు. పాత ట్రాక్టర్లలో రెండు గిన్నెలుంటాయి. మొదటిదానిలో గుడ్డ, రెండోదానిలో కాగితం. ఒకటి మార్చి ఇంకొకటి వదిలేసేవారున్నారు, అది పద్ధతి కాదు. కొత్త కామన్ రైల్ ఇంజన్లలో డీజిలు ఒత్తిడి అనేక రెట్లు ఎక్కువ. వాటికి ఫిల్టరు దగ్గర ప్రయోగాలు చేయవద్దు. దమ్ము రోజుల్లో క్యాన్లతో పొలానికి డీజిలు తీసుకెళతాం. గుడ్డతో వడపోసి పోయండి. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెడితే రాత్రి చెమ్మ లోపల నీరుగా చేరదు. ఫిల్టరు గిన్నె అడుగు బోల్టు వదులు చేసి అప్పుడప్పుడు నీరు తీసెయ్యండి.

ఆయిలు ఫిల్టరుకు వస్తే, మరబిగింపు డబ్బా రకంలో మర సరిపోతే చాలు అనుకుంటారు. 20 మిల్లీమీటర్ల మరకు, ముప్పావు అంగుళం మరకు తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. 20 మిల్లీమీటర్ల ఫిల్టరు ముప్పావు అంగుళం గొట్టానికి వదులుగా ఎక్కుతుంది, ఒత్తిడి వచ్చాక ఊడి ఆయిలంతా నేలపాలు చేస్తుంది. మర కలిసినా లోపల ఉండే బైపాస్ వాల్వు, ఇంజను ఆపినప్పుడు ఆయిలు వెనక్కి జారకుండా ఆపే రబ్బరు కలవాలి. అవి కంటికి కనపడవు. అందుకని షాపువాడి చేతి కొలతను నమ్మకుండా ఫిల్టరు కంపెనీ జాబితాలో మీ మోడల్ పేరుందో లేదో చూడమనండి. బిగించే ముందు పాత రబ్బరు రింగు ఇంజనుకు అంటుకుని ఉండిపోలేదని చూసుకోండి. కొత్త రింగుకు కాస్త ఆయిలు రాయండి. రింగు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు చాలు. చెయిను పానా బిగించడానికి కాదు, విప్పడానికి.

గేరుబాక్సు గురించి రెండు ముక్కలు. దమ్ములో ఇనుప చక్రాలు వేసి మోకాలి లోతు బురదలో తిప్పుతాం. సీళ్లు అరిగితే నీళ్లు లోపలికి పోతాయి. దమ్ము అయిపోయాక గేరు ఆయిలు రంగు ఒకసారి చూడండి. ఇప్పటి ట్రాక్టర్లలో బ్రేకులు ఆ ఆయిలులోనే మునిగి ఉంటాయి. వాటికి వేరే రకం ఆయిలు ఉంది. మామూలు 90 నంబరు గేరు ఆయిలు పోస్తే బ్రేకు కీచుమంటుంది, సరిగా పట్టదు. పుస్తకం చూడకుండా పోయవద్దు. మిగిలిన ట్రాక్టరు ఆయిలు మోటారు సైకిల్లో పోసే పొదుపు కూడా వద్దు. దాని క్లచ్చి ఆయిలులో ఉంటుంది, దానికి జాసో ఎమ్.ఏ. అని రాసి ఉన్నదే పోయాలి.

వారంటీ సంగతి చాలామంది అడిగారు. బయటి ఫిల్టరు వేస్తే వారంటీ పోతుందా? అమెరికాలో 1975 నుంచే మాగ్నసన్-మాస్ అనే చట్టం ఉంది. మా ఫిల్టరే వాడాలి, లేకపోతే వారంటీ లేదు అనే షరతు అక్కడ మామూలుగా చెల్లదు. పిల్లల దగ్గరికి వెళ్లి వాళ్ల గడ్డి కోసే చిన్న ట్రాక్టరు చూసి వచ్చినవారికి ఇది ఉపయోగపడుతుంది. ఆ చిన్న ఇంజన్లకు 50 గంటలకో, 100 గంటలకో, లేదా ఏడాదికోసారి ఆయిలు మారుస్తారు. అవి చాలావరకు పెట్రోలు ఇంజన్లు కనుక డబ్బా మీద ఎస్ అక్షరం చూడాలి. మన దేశంలో అంత సూటిగా చెప్పే చట్టం లేదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలను విడిభాగాల విషయంలో తప్పుపట్టి జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారని వారంటీ రద్దు చేసే పద్ధతిని కూడా ఆక్షేపించింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి, ట్రాక్టర్లు ఆ కేసులో లేవు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ 'రిపేరు హక్కు' కోసం కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ యంత్రాలు కూడా అందులో ఉన్నాయి. నా సలహా ఏమిటంటే, వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సర్వీసే చేయించి ప్రతి బిల్లు దాచండి. గడువు తీరాక మీ ఇష్టం. డూప్లికేటు అంటగట్టారని రుజువైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషనుకు వెళ్లవచ్చు. దానికి కూడా బిల్లే ఆధారం.

ఆఖరుగా వాడేసిన ఆయిలు. మన డెల్టాలో చాలా ఊళ్ల మంచినీటి చెరువులు కాలవ నీళ్లతోనే నిండుతాయి. కాలవగట్టు మీద బండి ఆపి సంపు విప్పి పారబోసేవాళ్లను చూస్తున్నాం. ఆ నీళ్లే మన మనవలు తాగుతారు. 2016 నిబంధనల ప్రకారం వాడిన ఆయిలును అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్లకే చేర్చాలి. సర్వీసు చేసే షెడ్డులో డబ్బాతో ఇచ్చిరండి. కొత్త ఆయిలు పోసుకున్న ఖాళీ డబ్బాకు నాలుగు చిల్లులు పొడిచి, లేబులు చింపి అప్పుడు పారెయ్యండి. ఆ డబ్బాలే విడి ఆయిలు నింపుకుని మళ్లీ షాపుకు వస్తుంటాయి.

భోజనాల తర్వాత నేను వరండాలోనే ఉంటాను. ట్రాక్టరు పుస్తకం గాని, పాత ఫిల్టరు గాని వెంట తెచ్చుకున్న సభ్యులు చూపించవచ్చు.